పోలండ్‌లో ఉక్రెయినియన్లు: ‘విస్తులా’ చెదరగొట్టిన సమాజం

2022 ఫిబ్రవరిలో రష్యా సైనిక దాడి మొదలైన తర్వాత లక్షలాది ఉక్రెయిన్ పౌరులు పొరుగునున్న పోలండ్‌కు తరలివెళ్లారు. వారిలో అనేకులు రైలు దిగిన తొలి పట్టణం సరిహద్దులోని ప్షెమిశ్ల్. అయితే పోలండ్‌లో ఉక్రెయినియన్ల చరిత్ర ఈ శరణార్థులతో ప్రారంభం కాలేదు. ఆ దేశ ఆగ్నేయ ప్రాంతంలో తరతరాలుగా నివసించిన ఉక్రెయినియన్లను 1947లో అక్కడి ప్రభుత్వమే మూడు నెలల వ్యవధిలో స్వస్థలాల నుంచి పెకలించి దేశం మరో మూలకు తరలించింది.

జరిగిన సరిహద్దు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో పోలండ్‌లో ఉక్రెయినియన్లే అతిపెద్ద అల్పసంఖ్యాక వర్గం. రెండో ప్రపంచ యుద్ధంతో సరిహద్దు పడమటికి జరగడంతో వారిలో అత్యధికులు సోవియట్ ఉక్రెయిన్ పరిధిలోకి వెళ్లారు. జనాభా మార్పిడికి 1944 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. స్వచ్ఛందమని చెప్పిన ఈ ప్రక్రియ క్రమంగా నిర్బంధంగా మారింది. 1946 నాటికి సుమారు 4.8 లక్షల మంది సోవియట్ ఉక్రెయిన్‌కు తరలిపోయారు. పర్వత ప్రాంతాలకు చెందిన లెమ్కోలు, బోయ్కోలు సహా కొందరు మాత్రం స్వగ్రామాలను వీడలేదు.

అప్పటికే ఇరుజాతుల మధ్య వైరం తీవ్రరూపం దాల్చింది. 1943లో వొలీనియా ప్రాంతంలో ‘ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం’ వేల సంఖ్యలో పోలిష్ పౌరులను హతమార్చింది. పోలిష్ సాయుధ దళాల ప్రతీకార దాడుల్లో ఉక్రెయిన్ గ్రామీణులూ బలయ్యారు.

ఆపరేషన్ విస్తులా

1947 మార్చి 28న పోలండ్ రక్షణ శాఖ ఉపమంత్రి జనరల్ కరోల్ శ్వెర్‌చెవ్‌స్కీ తిరుగుబాటుదారుల మాటుదాడిలో మరణించారు. దీన్ని కారణంగా చూపి కమ్యూనిస్టు ప్రభుత్వం ఏప్రిల్ 28న ‘ఆపరేషన్ విస్తులా’ను ఆరంభించింది. తరలింపు ఆలోచన అంతకుముందే ఉందని చరిత్రకారులు పేర్కొంటున్నారు. సైన్యం గ్రామాలను చుట్టుముట్టి, సామాన్లు సర్దుకోవడానికి కొన్ని గంటలు మాత్రమే గడువిచ్చింది. జూలై చివరికి సుమారు 1.4 లక్షల మందిని గూడ్సు రైళ్లలో ఉత్తర, పశ్చిమ ప్రాంతాలకు చేర్చింది. అవి యుద్ధానంతరం జర్మనీ నుంచి పోలండ్‌కు సంక్రమించిన భూములు.

తిరుగుబాటుదారులకు గ్రామాల నుంచి అందుతున్న ఆసరాను తుంచడం దీని తక్షణ లక్ష్యం. ఆ భాషా సమాజాన్ని పోలిష్ జనాభాలో కలిపివేయడం దీర్ఘకాలిక లక్ష్యం. అందుకే ఒక్కో జనావాసంలో వారి వాటా పదిశాతానికి మించరాదని నిబంధన విధించారు. అనుమానితులను యవోజ్నో శిబిరంలో నిర్బంధించారు. ఇది నాజీల కాలంలో ఆష్విట్జ్‌కు ఉపశిబిరం. అక్కడ సుమారు 3,900 మంది బందీలలో 160 మందికి పైగా మృతిచెందారు. ఖాళీ అయిన గ్రామాల్లోని గ్రీకు కాథలిక్ చర్చిలు అనేకం శిథిలమయ్యాయి. ప్రసిద్ధ లెమ్కో చిత్రకారుడు నికిఫోర్‌నూ స్వస్థలం క్రినిత్సా నుంచి పంపివేయగా, ఆయన పదేపదే తిరిగి అక్కడికే చేరుకున్నారు.

నిలిచిన భాష

1956లో ఆంక్షలు సడలడంతో ఉక్రెయినియన్లకు సాంస్కృతిక సంఘం, ‘నాషే స్లోవో’ వారపత్రిక ఏర్పడ్డాయి. కొద్దిమంది స్వగ్రామాలకు తిరిగి వెళ్లగలిగినా, అధికులు కొత్త ప్రాంతాల్లోనే స్థిరపడ్డారు. లెగ్నిత్సా, బియావి బూర్ వంటి పట్టణాల్లో ఉక్రెయిన్ భాషా పాఠశాలలు వెలిశాయి. కమ్యూనిస్టు పాలన ముగిశాక 1990 ఆగస్టులో పోలండ్ సెనేట్ ఆపరేషన్ విస్తులాను ఖండించింది. 2005 చట్టం ఉక్రెయినియన్లను జాతీయ అల్పసంఖ్యాకులుగా, లెమ్కోలను ప్రత్యేక తెగగా గుర్తించింది. 2011 జనగణనలో సుమారు 51 వేల మంది తమను ఉక్రెయినియన్లుగా నమోదు చేసుకున్నారు.

వొలీనియా హత్యాకాండ, ఆపరేషన్ విస్తులా స్మృతులు ఇరుదేశాల సంబంధాలను ఇప్పటికీ ప్రభావితం చేస్తున్నాయి. 2016లో పోలండ్ పార్లమెంటు దిగువసభ వొలీనియా ఘటనలను జాతి నిర్మూలనగా ప్రకటించగా, ఉక్రెయిన్ ఆక్షేపించింది. చెదరగొట్టిన సమాజం మాత్రం అంతరించలేదు. ప్షెమిశ్ల్‌లో ఉక్రెయినియన్లు ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో నిర్మించుకున్న ‘ప్రజా భవనం’ యుద్ధానంతరం వారి చేజారి, దశాబ్దాల తర్వాత తిరిగి వారికి దక్కింది. 2022లో శరణార్థులకు సహాయ కేంద్రంగా నిలిచినది ఆ భవనమే.