అమ్మాయి చేతికి స్క్రూడ్రైవరు

"కంప్యూటర్లంటే సరే, ఆడపిల్లకి కరెంటు పనులూ, యంత్రాలూ ఎందుకమ్మా?" ఈ మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. విన్నప్పుడల్లా నాకు అయ్యలసోమయాజుల లలితగారు గుర్తుకొస్తారు.

పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట, 1937లో, భర్త పోయారు. ఒళ్లో నాలుగు నెలల పసికందు. వితంతువును ఇంటి మూలకు నెట్టే రోజులవి. తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులు. ప్రిన్సిపాలుతో మాట్లాడి కూతుర్ని అక్కడే చేర్పించారు. డాక్టరయితే అర్ధరాత్రి కూడా పరుగెత్తాలి, ఇంజనీరయితే బిడ్డను చూసుకునే వీలుంటుందని ఆవిడ అనుకున్నారట. అచ్చం తల్లి వేసే లెక్క, చూశారా! పట్టా మీద 'అతడు' అని అచ్చయి ఉంటే, కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చింది. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఆవిడ భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు.

మరి మనమో? ఇస్త్రీపెట్టె పనిచేయకపోతే "ఒరే, ఇటు రారా" అని కొడుకునే కేకేస్తాం. ఈసారి ప్లగ్గు గోడనుంచి ఊడదీసి, స్క్రూడ్రైవరు అమ్మాయికివ్వండి. లోపల తీగ వదులైందేమో చూడమనండి. ఇంటర్లో ఏ గ్రూపు అనే మాట ఆ తర్వాత ఆ పిల్లనే అడగండి.