కంప్యూటరునకు సోకు ట్రోజన్ తెగులు - నివారణ, నిర్మూలన

నేడు గ్రామములలో వ్యవసాయమునకు సంబంధించిన పనులు పెక్కు కంప్యూటరు ద్వారా జరుగుచున్నవి. పంట నమోదు, భూమి వివరములు, పంటల బీమా, రాయితీ విత్తనములు, ప్రధానమంత్రి కిసాన్ పథకము క్రింద అర్హులైన రైతులకు ఏటా 3 వాయిదాలలో అందు 6,000 రూపాయలు - ఇవి యన్నియు కంప్యూటరుతోనో, సెల్‌ఫోనుతోనో ముడిపడి యున్నవి. పైరును పురుగుల నుండి కాపాడుకొనుట ఎంత అవసరమో, ఈ యంత్రములను దొంగ ప్రోగ్రాముల నుండి కాపాడుకొనుటయు అంతే అవసరము. అట్టి ప్రోగ్రాములలో మిక్కిలి ప్రమాదకరమైనది ట్రోజన్.

పేరు ఎట్లు వచ్చినది?

గ్రీకులు ట్రాయ్ నగరమును పదేండ్లు ముట్టడించియు లోబరచుకొనలేక, పెద్ద కొయ్య గుర్రమును చేయించి, దాని కడుపులో సైనికులను దాచి, కోట వెలుపల విడిచిపోయినట్లు ఒక గాథ కలదు. నగరవాసులు ఆ గుర్రమును తామే లోనికి లాగుకొనిరి. రాత్రివేళ సైనికులు బయటికి వచ్చి కోట తలుపులు తెరచిరి.

ట్రోజన్ పనియు ఇట్టిదే. పైకి అది బిల్లువలెనో, దరఖాస్తు ఫారమువలెనో, ఉచిత సాఫ్ట్‌వేరువలెనో కనబడును. లోపల ఉండునది దొంగ. వైరసు ఒక ఫైలు నుండి మరియొక ఫైలునకు తన నకళ్లను ఎక్కించుచు వ్యాపించును. ట్రోజన్ సాధారణముగా అట్లు వ్యాపింపదు. చాలవరకు మన చేతితో మనమే తెరచి లోనికి రానిచ్చుచున్నాము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనిన సగము నివారణ జరిగినట్లే.

ఈ తెగులు క్రొత్తది కాదు. 1989వ సంవత్సరములో ఎయిడ్స్ వ్యాధిని గురించిన సమాచారమని చెప్పి సుమారు 20,000 ఫ్లాపీలను పలు దేశముల వారికి టపాలో పంపిరి. వానిని ఎక్కించిన కంప్యూటరు దాదాపు 90 పర్యాయములు తెరచువరకు ఏమియు ఎరుగనట్లు పనిచేసినది. పిదప ఫైళ్ల పేర్లను గుర్తింపరాకుండ మార్చివేసి, పనామా దేశములోని ఒక పోస్టు బాక్సునకు 189 డాలర్లు పంపవలెనని కోరినది. 2014లో బయటపడిన ఎమోటెట్ అను ట్రోజన్ ఈమెయిలుతో వచ్చు కాగితముల రూపమున బ్యాంకు వివరములను దొంగిలించినది. 2021 జనవరిలో పలు దేశముల పోలీసులు కలిసి దానిని అణచినను, అదే యేడు నవంబరులో మరల తలయెత్తినది. విత్తిన నాడే లక్షణములు కనబడవనియు, ఒకసారి అణగినది మరల రాదనుకొనుట పొరపాటనియు దీనివలన తెలియుచున్నది.

సోకు మార్గములు

1. ఈమెయిలు, వాట్సాప్ ద్వారా వచ్చు ఫైళ్లు: నోటీసు, బిల్లు, లబ్ధిదారుల జాబితా అను పేర్లతో వచ్చును. విండోస్ సాధారణముగా ఫైలు పేరులోని చివరి అక్షరములను చూపదు. కనుక "జాబితా డాట్ పి.డి.ఎఫ్." అని కనబడు ఫైలు నిజమునకు "జాబితా డాట్ పి.డి.ఎఫ్. డాట్ ఇ.ఎక్స్.ఇ." కావచ్చును. ఇ.ఎక్స్.ఇ. అనగా అది చదువుకొను కాగితము కాదు, నడచు ప్రోగ్రాము. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో వ్యూ అనుచోట "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" అనుదానిని గుర్తించినచో చివరి అక్షరములు కనబడును.

2. వర్డ్, ఎక్సెల్ కాగితములు: తెరచిన వెంటనే "ఎనేబుల్ కంటెంట్" అను మీటను నొక్కుమని అడిగినచో నొక్కరాదు.

3. దొంగ నకళ్లు: డబ్బిచ్చి కొనవలసిన సాఫ్ట్‌వేరును ఉచితముగా ఇత్తుమనువారి వద్ద తెచ్చుకొనునవి.

4. ఊరూర తిరుగు పెన్‌డ్రైవులు.

5. సెల్‌ఫోనులో ఎ.పి.కె. ఫైళ్లు: కిసాన్ పథకము పేరుతోను, బ్యాంకుల పేరుతోను ఇట్టివి వాట్సాప్‌లో వచ్చుచున్నవి. ఇవి ఎక్కినచో ఫోనునకు వచ్చు ఓటీపీలను చదివి దొంగకు పంపగలవు.

లక్షణములు

యంత్రము కారణము లేక మందగించుట, యాంటీవైరసు తనంత తానే ఆగిపోవుట, మనము ఎక్కించని ప్రోగ్రాములు కనబడుట, మనము పంపని సందేశములు మన పేర పోవుట ముఖ్యమైనవి. అయితే ఏ లక్షణమును చూపని ట్రోజన్లును కలవు. ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడను సామెత ఇచ్చట సరిపోవును.

నిర్మూలన

ఈ క్రింది పనులను ఇదే వరుసలో చేయవలెను. ముందు యంత్రమును బాగుచేసి తరువాత బ్యాంకునకు చెప్పుదమనుకొనినచో ఈలోగా డబ్బు పోవును.

1. మొదట ఇంటర్నెట్టు తీగను తీసివేయవలెను, లేదా వైఫై ఆపవలెను. దొంగకు కబురు అందు దారి దీనితో మూసుకొనును. అందులో వాడిన పెన్‌డ్రైవును వేరొక కంప్యూటరునకు పెట్టరాదు.

2. ఆ యంత్రములో బ్యాంకు పనులు చేసియున్నచో, వేరొక ఫోను నుండి బ్యాంకునకు తెలిపి ఖాతా లావాదేవీలను ఆపించవలెను. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. తెగులు లేని వేరొక యంత్రము నుండి పాస్‌వర్డులన్నియు మార్చవలెను.

3. విండోస్ సెక్యూరిటీలో "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్", అందు "స్కాన్ ఆప్షన్స్" తెరచి "మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్" నడపవలెను. విండోస్ నడచుచుండగా ట్రోజన్ కూడ నడచుచు తన్ను దాచుకొనగలదు. ఈ పద్ధతిలో విండోస్ లేవకముందే వెదకుట జరుగును. సుమారు 15 నిమిషములు పట్టును. పిదప "ఫుల్ స్కాన్" చేయవలెను. భారత ప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము వారు ఇట్టి ప్రోగ్రాములను తొలగించు సాధనములను ఉచితముగా ఇచ్చుచున్నారు.

4. టాస్క్ మేనేజరులోని స్టార్టప్ జాబితాను, ఎక్కించిన ప్రోగ్రాముల జాబితాను, బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లను పరిశీలించి, అక్కరలేని వానిని తీసివేయవలెను.

5. అప్పటికిని అనుమానము తీరనిచో డిస్కును పూర్తిగా తుడిచి విండోసును క్రొత్తగా వేయించవలెను. వెర్రితల తెగులు సోకిన అరటికి మందు లేదు. దుంపతో సహా పెరికివేయుదుము. ఇదియు అట్టిదే. తుడుచుటకు ముందు కాగితములను, ఫోటోలను మాత్రమే భద్రపరచవలెను, ప్రోగ్రాములను కాదు. మరల ఎక్కించునప్పుడు వానిని స్కాను చేయవలెను.

సెల్‌ఫోను అయినచో ఎయిర్‌ప్లేన్ మోడులో పెట్టి, పిదప సేఫ్ మోడులో తెరచి, ఆ యాప్‌నకు ఇచ్చిన "యాక్సెసిబిలిటీ", "డివైస్ అడ్మిన్" అనుమతులను తీసివేసి, యాప్‌ను తొలగించవలెను. తొలగనిచో ఫ్యాక్టరీ రీసెట్ చేయవలెను. దీనితో ఫోనులోనివన్నియు చెరగిపోవునని ఎరిగియుండవలెను.

నివారణ

ధృవీకరణ పొందిన విత్తనపు సంచికి నీలి రంగు ట్యాగు ఉన్నదో లేదో చూచియే కొందుము. అట్లే యాప్‌లను ప్లే స్టోరు నుండియే, అదియు ప్రచురించినవారి పేరు చూచియే తెచ్చుకొనవలెను. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" లేదా "నిక్ డాట్ ఇన్" ఉన్నదేమో చూడవలెను. విండోస్ అప్‌డేట్లను వాయిదా వేయరాదు. విండోస్ 10కి కంపెనీవారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంకను దానిని వాడువారు మార్చుకొనుట మంచిది. ముఖ్యమైన ఫైళ్ల నకళ్లను విడి డిస్కులో తీసి, పని ముగిసిన వెంటనే ఆ డిస్కును కంప్యూటరు నుండి వేరుచేయవలెను.

గ్రామోద్యోగులకు ఒక మనవి. కార్యాలయపు కంప్యూటరులో ఒక్కరి సొత్తు కాదు, ఊరందరి ఆధారు, ఖాతా, భూమి వివరములు ఉండును. దానిలో సొంత పనులకు దొరికిన ఫైలునెల్ల తెరువరాదు. అనుమానము కలిగిననాడే పై అధికారికి, సాంకేతిక సిబ్బందికి తెలుపవలెను. మాట వచ్చునని దాచినచో నష్టపోవునది ఊరందరును. మోసపోయిన రైతును నవ్వరాదు. నవ్విన ఊరిలో రెండవవాడు చెప్పుటకు జంకును. పొలములో తెగులు కనబడగానే పొరుగు రైతును హెచ్చరించు అలవాటు మనకున్నది. అదే అలవాటు ఈ తెగులు విషయమునను పాటించినచో ఊరికి మేలు కలుగును.