వేగం కన్నా నిలకడ మిన్న

ఇషా నమాజు ముగిసే వేళకు కువైట్ నుండి కుమారుడి వీడియో కాల్ వస్తుంది. అదే సమయానికి కుమార్తెకు ఆన్‌లైన్ ఖుర్ఆన్ తరగతి మొదలవుతుంది. అంతలో తెరపై ముఖం కదలకుండా నిలిచిపోతుంది, మాట తెగిపోతుంది. మరమగ్గాల పట్టణమైన నగరిలో ఇటువంటి ఇళ్లను మేము ఎరుగుదుము. ఇంకా వేగవంతమైన ప్లాన్ తీసుకోవాలన్నదే అందరికీ తోచే పరిష్కారం. కాని లోపం ఎల్లప్పుడూ వేగంలోనే ఉండదు.

రాగి తీగల కాలంలో ఇది స్పష్టంగా తెలిసేది. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ విధానం గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్ వేగాన్ని అందించగలదు. అయితే ఎక్స్ఛేంజి నుండి దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. మోటార్ల విద్యుత్ రొద దానిని ఇంకా చెడగొడుతుంది. అందుకే మోడెం ఆ రొదను తట్టుకొనేందుకు సాధారణంగా 6 డెసిబెళ్ల మిగులు ఉంచుకుంటుంది. మిగులు తగ్గిస్తే వేగం పెరుగుతుంది గాని, లైను తరచూ తెగుతుంది. పెంచితే వేగం కొంత తగ్గినా లైను నిలబడుతుంది.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, ప్రారంభంలో నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్‌ను ఇళ్లకు అందించిన పథకమది. గాజు తంతువును విద్యుత్ రొద తాకదు. వీడియో కాల్‌కు రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. మరి ఆటంకం ఎక్కడిది? చాలా సార్లు ఇంటిలోపలిదే. ఒక ఫోను పెళ్లి ఫొటోలన్నిటినీ ఒకేసారి పైకి పంపుతుంటే, మిగిలినవారి మాటలు దాని వెనుక వరుసలో వేచి ఉండవలసి వస్తుంది.

కనుక ఫొటోలను, పెద్ద ఫైళ్లను అందరూ నిద్రించాక పంపుకోవాలి. రూటరును ఇంటి నడుమ, కాస్త ఎత్తున ఉంచాలి. అందులోని 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగవంతమైనదే గాని గోడలు దాటితే నీరసిస్తుంది; దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్ మేలు. తరగతి వినే కంప్యూటరుకు నేరుగా కేబులు కలిపితే ఇంకా మంచిది. రూటరులో వేగపరిమితి పెట్టే వీలుంటే, లైను సామర్థ్యంలో పదో వంతు వదిలి పెట్టాలి. ఆ కొద్దిపాటి త్యాగమే అందరి మాటనూ నిలబెడుతుంది.

కొద్దిపాటిదైనా నిరంతరం సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆరాధనలో మనకు అలవడవలసిన ఈ నిలకడ, ఇంటిల్లిపాదీ పంచుకునే చిన్న లైను విషయంలోనూ మేలే చేస్తుంది. ఒకరి తొందర మరొకరి మాటను తెంచకుండా చూసుకోవడం కూడా కుటుంబ హక్కులలో భాగమేనని మేము భావిస్తున్నాము.