కిటికీ ఎవరి ఎత్తులో ఉంది?

ఏ సివిల్ ఫ్రెండ్‌నైనా అడగండి, గదిలో కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవ్వాలని. ఆలోచించకుండా "మూడడుగులు" అంటారు. అంటే సుమారు 90 సెంటీమీటర్లు. మూడేళ్ళ పాప ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. కళ్ళు ఇంకో పది సెంటీమీటర్లు కిందుంటాయి. అంటే మనం గదికి కిటికీ పెట్టాం గానీ, పాపకి దక్కింది గోడే. కాస్త ఆకాశం కనిపిస్తుందేమో, వీధిలో పోయే మేకపిల్ల మాత్రం కనిపించదు.

అంగన్‌వాడీ అయినా, ఫీజులు దండిగా తీసుకునే ప్లేస్కూల్ అయినా చాలాచోట్ల ఇదే కథ. కుళాయి, తలుపు గడియ, బొమ్మలు పెట్టే అర, అన్నీ పెద్దవాళ్ళ కొలతలే. ప్రతిదానికీ "టీచర్, అందట్లేదు" అనాల్సిందే. పిల్లలకి చేతకాక కాదు, బిల్డింగే వాళ్ళని చేతకానివాళ్ళని చేస్తోంది.

ఈ సంగతి మరియా మాంటిస్సోరి ఎప్పుడో పట్టుకుంది. 1907లో రోమ్‌లో పేదపిల్లల కోసం మొదలుపెట్టిన బడిలో, పిల్లలే ఎత్తి జరుపుకోగలిగే తేలికైన కుర్చీలు, బల్లలు చేయించింది.

దీన్ని మొత్తం భవనానికే వర్తింపజేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే, టోక్యో దగ్గర తచికావాలోని ఫుజి కిండర్‌గార్టెన్ చూడాలి. తెజుకా దంపతులు డిజైన్ చేశారు, 2007లో పూర్తయింది. మధ్యలో పెద్ద వాకిలి వదిలి, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కట్టిన ఒకే అంతస్తు. పైకప్పే ఆటస్థలం. దానికి మొదలూ చివరా లేవు కాబట్టి పిల్లలు గుండ్రంగా పరిగెడుతూనే ఉంటారు. సీలింగ్ ఎత్తు 2.1 మీటర్లే, అందుకే పైనున్న పిల్లలకీ కిందున్న వాళ్ళకీ మాటలు నడుస్తాయి. స్థలంలో ఉన్న మూడు పెద్ద చెట్లని కొట్టెయ్యలేదు. అవి కప్పుని చీల్చుకుని పైకి వచ్చాయి. చెట్టు చుట్టూ ఖాళీలో వలలు కట్టారు, పిల్లలకి అదో ఆట. రెయిలింగ్ కడ్డీల సందులో కాళ్ళు దూరతాయి, తల దూరదు. కాళ్ళు వేలాడేసి కూర్చుని కింద జరిగేదంతా చూడొచ్చు.

ఆ రెయిలింగ్‌లోనే అసలు పాఠం ఉంది. పిల్లల భద్రత అంటే ఎత్తైన గోడ అనుకుంటాం మనం. వాళ్ళు గోడ కట్టలేదు, సందు కొలిచారు.

అలాగని ఆ డిజైన్ ఇక్కడ దించెయ్యలేం. మే నెలలో మన స్లాబు మీద ఎవర్ని పరిగెత్తిస్తాం? మనం తెచ్చుకోవాల్సింది కప్పుని కాదు, కొలిచే పద్ధతిని. మన దగ్గర చాలా అంగన్‌వాడీలు అద్దె గదుల్లో నడుస్తున్నాయి. అక్కడ కూడా చేయగలిగినవి ఉన్నాయి. కొత్తగా కడుతుంటే ఒక్క కిటికీనైనా అడుగున్నర ఎత్తు నుంచి మొదలుపెట్టి, గ్రిల్‌కి నిలువు కడ్డీలు, పది సెంటీమీటర్లు మించని సందుతో పెట్టొచ్చు. అడ్డకడ్డీలైతే నిచ్చెన అనుకుని ఎక్కేస్తారు! పాత గదిలో అయితే చేతికందే అర, కుళాయి దగ్గర జారని మెట్టు, వరండాలో నీడ, ఓ మూల ఇసుక. ఇవేవీ పెద్ద బడ్జెట్ అడగవు.

ఇల్లు నచ్చకపోతే ఓనర్ మనల్ని నిలదీస్తాడు. మూడేళ్ళ పిల్లలు కంప్లయింట్ రాయలేరు, అక్కడే రోజులు గడిపేస్తారు. రేపు అలాంటి డ్రాయింగ్ మీ టేబుల్ మీదికొస్తే, సంతకం పెట్టేముందు ఒక్కసారి టేపు పట్టుకుని నేల మీద కూర్చోండి. మీకేం కనిపిస్తుందో చూడండి.