ఒకే కప్పు – రెండు కాపురాలు

పెరటిలో నాలుగు కోళ్ళున్న ఇంటికి ఒక జత కుందేళ్ళు వచ్చి చేరితే, ఉన్న కోళ్ళగూటిలోనే వాటికీ ఇంత చోటిస్తే సరిపోతుందని ఇంటివారు తలుస్తారు. రెండూ సాధుజీవులే, పైగా ఒక్క గూడైతే ఖర్చూ తక్కువ. ఈ తలపులో దురుద్దేశం లేదు గాని, తొందరపాటు ఉన్నది. ఒకే కప్పు కింద ఉండడం వేరు, ఒకే కాపురం చేయడం వేరు.

ఈ భేదం తెలియాలంటే ఆ రెండింటి మూలాలను పరిశీలించాలి. కోడికి పూర్వజాతి దక్షిణ, ఆగ్నేయాసియా అరణ్యాలలోని అడవికోడి. పగలంతా నేలను గీరి గింజలు, పురుగులు ఏరుకొని, పొద్దుగూకగానే కొమ్మనెక్కి నిద్రించడం దాని స్వభావం. పెంపుడు కుందేలు పూర్వజాతి ఐబీరియా ద్వీపకల్పానిది. అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలది. బొరియలు త్రవ్వుకొని, ఉభయ సంధ్యలలో వెలుపలికి వచ్చి మేత మేయడం దాని అలవాటు. కోడి నిద్రకు ఉపక్రమించే వేళకు కుందేలు మేల్కొంటుంది. కోడి ఎత్తును కోరుతుంది; కుందేలు మాటును కోరుతుంది. దండెం మీది కోడి వేసే రెట్ట కింద ఉన్న కుందేలు మీదనే పడుతుంది.

సంతాన విషయంలో ఈ భేదం మరింత స్పష్టం. 21 రోజుల పొదుగుడు తరువాత గుడ్డులోనుండి వెలువడే కోడిపిల్ల నూగుతో, తెరచిన కన్నులతో పుట్టి, త్వరలోనే తల్లి వెంట నడుస్తుంది. సుమారు 31 రోజుల గర్భవాసం తరువాత జన్మించే కుందేలు పిల్లకు వెంట్రుకలుండవు. కన్నులు తెరవడానికి పది రోజులు పడుతుంది. ఎర్రగా, మెత్తగా కదిలే ప్రతి వస్తువునూ పొడిచి చూడడం కోడి నైజం. ఆ పసికందులకు అది ప్రాణాంతకం.

ఆహారమూ అంతే. గుడ్లు పెట్టే కోళ్ళ దాణాలో పెంకు గట్టిపడటానికి 3.5 నుండి 4 శాతం వరకు కాల్షియం ఉంటుంది. కుందేలుకు అంత అవసరం లేదు. అధికమైన కాల్షియం మూత్రం ద్వారా వెలువడుతూ, క్రమంగా మూత్రాశయంలో రాళ్ళకు దారితీయవచ్చు. కుందేలుకు ప్రధానాహారం గింజ కాదు, పీచు గల గడ్డి. నిరంతరం పెరిగే దాని పళ్ళు అరిగేది కూడా ఆ నమలడం వల్లనే.

వ్యాధుల సంగతిలో ఒక విచిత్రం ఉన్నది. కోళ్ళకు రక్తవిరేచనాలు కలిగించే కాక్సీడియా పరాన్నజీవులు కుందేళ్ళకు సోకవు. కుందేళ్ళవి కోళ్ళకు సోకవు. కాని ఆ వ్యాధి నివారణకై కోళ్ళ దాణాలో కలిపే నరాసిన్ వంటి మందులు కుందేళ్ళకు విషతుల్యాలు. రోగం దాటని గోడను మందు దాటుతుందన్నమాట! మరోవైపు పాశ్చురెల్లా, సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు రెండింటినీ బాధించగలవు.

అయితే రెండింటినీ పెంచడమే తప్పని దీని అర్థం కాదు. ఒకే కొట్టంలో నడుమ గట్టి అడ్డుగోడ కట్టి, మేతతొట్లు, నీటిపాత్రలు వేరుచేసి, కుందేళ్ళను దండెం కిందికి రానీయకపోతే చాలావరకు చిక్కు తీరుతుంది. కొత్తగా తెచ్చినవాటిని కొన్ని వారాలు వేరుగా ఉంచి గమనించాలి. మన వేసవి వేడిమి 40 డిగ్రీలు దాటుతుంది. 30 దాటితేనే కుందేలు సొమ్మసిల్లసాగుతుంది. కనుక దాని భాగానికి నీడ, గాలి మరింత కావాలి. రెట్టల నుండి వెలువడే అమ్మోనియా దాని శ్వాసకు హానికరం గనుక గూడు నిత్యమూ శుభ్రంగా ఉండాలి. ఒంటరి కుందేలుకు తోడు కావాలంటే మరొక కుందేలే తోడు, కోడి కాదు.

జబ్బుపడిన కోడి రెక్కలు వాల్చి ముడుచుకొని కూర్చుంటే చూపరులకు తెలుస్తుంది. కుందేలు మాత్రం ఇతర జంతువులకు ఎరయైన ప్రాణి కనుక తన బాధను దాచుకొంటుంది. అది మేత మానిందని గ్రహించేసరికే ఆలస్యం కావచ్చు. మౌనంగా ఉన్నంత మాత్రాన సుఖంగా ఉన్నదనుకోరాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే పట్టుదల పెంపకందారుకు తగదు. తనకు అనువైన గూటిలో జీవిని ఇమిడించడం కాక, జీవి స్వభావానికి తగిన గూటిని కల్పించడమే నిజమైన భూతదయ.