న్యూయార్కు రంగస్థలమున జపాను వేణువు

తన దేశమున తరతరములుగా పెరిగిన వాద్యమును పరదేశపు సభకు గొనిపోవు విద్వాంసునకు ఎదురగు ప్రశ్న యొక్కటే: శ్రోతకై వాద్యమును మార్చవలెనా, వాద్యమునకై శ్రోతను ఓర్పు వహింపుమనవలెనా? ఇందుకు జపాను సంగీతజ్ఞులు చెప్పిన సమాధానములలో నాకు మిక్కిలి ప్రియమైనది 1967 నవంబరులో న్యూయార్కున వినవచ్చినది.

న్యూయార్కు ఫిల్హార్మోనిక్ తన 125వ వార్షికోత్సవమునకై ఒక కృతిని రచింపుమని తోరు తాకెమిత్సును కోరగా, ఆయన షాకుహాచి, బివా అను రెండు స్వదేశ వాద్యములను ఎన్నుకొనెను. షాకుహాచి నిలువుగా పట్టి ఊదు వెదురు వేణువు. సాధారణముగా సుమారు 54 సెంటీమీటర్ల నిడివి, ఐదే రంధ్రములు. తల వంచియు నెత్తియు స్వరముల నడిమి సూక్ష్మభేదములను పలికింపవలసిన ఆ వాద్యమున ఊపిరి రాపిడియు నాదములో భాగమే. బివాను విసనకర్రవలె వెడల్పైన కొయ్యపలకతో మీటుదురు. ఆ దెబ్బ తంత్రిని దాటి వాద్యపు ఉదరమునకును తగులును. జపానులో బెంజైతెన్ అను పేర పూజలందుకొను మన సరస్వతి చేతులలో తరచుగా కనిపించునది ఈ బివాయే. కావున తెలుగు పాఠకునకు ఇది కేవలము పరాయిది కాదు.

ఈ వాద్యములను పాశ్చాత్య బృందముతో మేళవింపవలెనని మొదట తలచిన తాకెమిత్సు, పిదప ఆ తలంపు విడిచి, వాని భేదమునే వినిపింప నిశ్చయించెను. సేజి ఒజావా నిర్వహణమున బృందము ఇరుపక్షములుగా చీలి కూర్చుండగా, కింషి త్సురుత అను విదుషీమణి బివాను, కత్సుయ యొకొయామ షాకుహాచిని వాయించిరి. ‘నవంబరు అడుగులు’ అను ఆ కృతికి పదునొకండు అడుగులు. తుదిభాగమునకు చేరువైనప్పుడు మహాబృందమంతయు ఊరకుండ, ఈ యిరువురే చాలసేపు వాయింతురు. అచట సాధారణ స్వరలిపి లేదు, చిహ్నములు మాత్రమే యుండును. ఎప్పుడు మీటవలెనో, ఎంతసేపు ఆగవలెనో వారి వివేకమునకే విడువబడినది. వందలకొలది శ్రోతల యెదుట మౌనమును సంగీతముగా నిలుపుటకు ఎంత ధైర్యము వలయును!

వేరొక మార్గమును తొక్కినవారును కలరు. సాదో ద్వీపవాసులైన కోదో బృందమువారు, పల్లెల ఉత్సవములలో మ్రోగు తైకో డోళ్లను ప్రదర్శనకళగా మలచి, 1981లో బెర్లిన్ నగరమున తొలిసారి వినిపించిరి. డోలు మ్రోతకు వ్యాఖ్యానమక్కరలేదు. అది దేహమునకే సూటిగా తగులును. అందువలన వారికి త్వరితముగా లభించిన ఆదరణము న్యాయమైనదే, కాని షాకుహాచి తన శ్రోతను నెమ్మదిగా సంపాదించుకొనవలసివచ్చెను. సాదోలోనే కోదోకు పూర్వమున్న ఒందెకొజా బృందమున చేరిన రైలీ లీ అను అమెరికావాడు, ఆ వేణువును గురుముఖమున అభ్యసించి, 1980లో మహాగురు బిరుదు పొంది, అనంతరము ఆస్ట్రేలియాలో శిష్యులకు దానిని నేర్పుచు వచ్చెను.