డి.వి.డి. చిత్రము సి.డి.లో ఇముడుట ఎట్లు?

గ్రామ పంచాయతీ కార్యాలయములోని బీరువా తెరచినచో దస్త్రముల నడుమ మెరయు బిళ్ళలు కొన్ని కనిపించుట కద్దు. ఒకనాటి గ్రామసభ, చెరువు పూడికతీత, పాఠశాల వార్షికోత్సవము, ఇప్పుడు మన మధ్య లేని ఒక పెద్ద పాడిన పాట - ఇట్టివి వానిలో నిక్షిప్తమై యుండును. డి.వి.డి.లోని చిత్రమును చౌకయైన సి.డి.లోనికి ఎక్కించి పదిమందికి పంచిన సందర్భములును కలవు. అట్లు ఎక్కించునపుడు మనకు దక్కునదేమి, పోవునదేమి? పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట మేలని తలచి యిచట వివరించుచున్నాము.

చూపునకు రెండును ఒక్కటే. రెండింటి అడ్డుకొలతయు 12 సెంటీమీటర్లే. సి.డి. 1982లో సంగీతము కొరకు విపణికి వచ్చినది, డి.వి.డి. 1996లో జపానులో మొదట విక్రయమైనది. సి.డి.ని చదువు లేసరు కిరణపు తరంగదైర్ఘ్యము 780 నానోమీటర్లు, డి.వి.డి.ని చదువుదానిది 650. సన్నని మొన గల కలముతో అదే కాగితముపై ఎక్కువ పంక్తులు వ్రాయగలిగినట్లు, డి.వి.డి.లో ఎక్కువ సమాచారము పట్టును. వ్రాయదగిన సి.డి.లో సాధారణముగా 700 మెగాబైట్లు, అనగా సుమారు 587 కోట్ల బిట్లు పట్టును. ఒక పొర గల డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు, అనగా 3,760 కోట్ల బిట్లు పట్టును. తేడా ఆరు రెట్లకు పైగానే యున్నది.

మన దేశపు పద్ధతిలో డి.వి.డి. చిత్రమున ఒక్కొక్క బొమ్మకు అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలుండును. సెకనుకు 25 బొమ్మలు కదలును. దీనిని ఏమాత్రము కుదింపక వ్రాసినచో సెకనుకు సుమారు 12 కోట్ల 44 లక్షల బిట్లు కావలసివచ్చును. అప్పుడు సి.డి. 47 సెకనులలోను, డి.వి.డి. అయిదు నిమిషములలోను నిండిపోవును. కావున డి.వి.డి.లోని చిత్రము సైతము ముందే కుదించబడినదని గ్రహింపవలెను.

ఆ కుదింపు ఎట్లు జరుగును? సభలో అధ్యక్షుడు మాటలాడుచున్నపుడు వెనుకనున్న గోడ మారదు. పెదవులును చేతులును మాత్రమే కదలును. కావున సుమారు అర సెకనుకు ఒకసారి పూర్తి బొమ్మను వ్రాసి, నడుమ బొమ్మలలో మారిన భాగములను మాత్రమే గుర్తింతురు. అంతేకాక బొమ్మను చిన్న గళ్ళుగా విభజించి, కంటికి అంతగా తోచని సూక్ష్మ వివరములను విడిచిపెట్టుదురు.

రెండు గంటల చిత్రమును ఒక సి.డి.లో ఇమిడ్చవలెనన్నచో లెక్క యిట్లుండును. రెండు గంటలనగా 7,200 సెకనులు. 587 కోట్ల బిట్లను వానికి పంచగా సెకనుకు సుమారు 8 లక్షల 15 వేల బిట్లు వచ్చును. ధ్వనికి 1 లక్ష 28 వేలు తీసినచో చిత్రమునకు 6 లక్షల 87 వేలు మిగులును. అదే చిత్రమునకు నిండు డి.వి.డి.లో ధ్వనితో కలిపి సెకనుకు 52 లక్షల బిట్లు లభించును.

ఇందుకు మార్గములు రెండు. మొదటిది 1993లో ఏర్పడిన వీడియో సి.డి. పద్ధతి. ఇందు బొమ్మను 352 చుక్కల అడ్డమునకు, 288 చుక్కల నిలువునకు తగ్గింతురు. అనగా చుక్కలు నాలుగవ వంతుకు దిగును. అయినను ఒక సి.డి.లో 80 నిమిషముల చిత్రమే పట్టును. తెలుగు చలనచిత్రములు ఒకప్పుడు రెండు మూడు బిళ్ళలుగా వచ్చుటకు కారణ మిదియే. రెండవది ఎం.పి.ఇ.జి.-4 పద్ధతి. ఇది బొమ్మల కదలికను ఇంకను నేర్పుగా లెక్కించి, రెండు గంటల చిత్రమును ఒకే సి.డి.లో ఇమిడ్చును.

ఈ రెండవ మార్గమున చిత్రమును రెండుసార్లు నడిపించుట మంచిది. మొదటిసారి ఏ భాగమునకు ఎన్ని బిట్లు అవసరమో కంప్యూటరు పరిశీలించును; రెండవసారి ఆ ప్రకారము పంచును. ఇది పంచాయతీ ఆదాయవ్యయముల అంచనా వంటిదే. ఉన్న సొమ్మును వార్డులకు సమముగా పంచుట కంటె, అవసరము నెరిగి పంచుట మేలు గదా!

అయితే పోయిన వివరము తిరిగి రాదు. గ్రామసభలో ఒక తీర్మానముపై చేతులెత్తిన దృశ్యమును తలచుడు. మూల ప్రతిలో వెనుక వరుసలోని ముఖములు గుర్తుపట్ట వీలుండవచ్చును. కుదించిన ప్రతిలో అవి మసకబారిన గళ్ళుగా మిగులును. కొన్నేండ్లకు వివాదము వచ్చి ఆ చిత్రమును చూడవలసినపుడు, పెద్ద తెరపై వేసినను ప్రయోజన ముండదు. కుదించిన దానిని మరల కుదించినచో నష్టము మరింత పెరుగును.

కావున మా సూచన లివి. పంచుటకు కుదించిన ప్రతిని తీయవచ్చును గాని, మూల ప్రతిని పారవేయరాదు. వ్రాయదగిన బిళ్ళలలో సమాచారము రంగు పొరపై నిలుచును. ఎండయు వేడియు దానిని చెరచును. పైగా నేటి కంప్యూటర్లు పెక్కింటిలో బిళ్ళలను చదువు సాధనమే లేదు. అందుచేత చదువుటకు వీలున్నపుడే మూల ప్రతిని కుదింపక, ఉన్నదున్నట్లు హార్డు డిస్కులోనికి ఎక్కించి, రెండు ప్రతులు వేరువేరు చోట్ల భద్రపరుపవలెను. ప్రతిదానిపై తేదీయు విషయమును వ్రాయవలెను. ఇతరుల చలనచిత్రములను అనుమతి లేక ప్రతులు తీయుట 1957 నాటి కాపీరైటు చట్టమునకు విరుద్ధమని మరువరాదు.

గ్రామపు దస్త్రములు ఎట్టివో ఈ చిత్రములును అట్టివే. రాబోవు సమావేశమున బీరువా నొకసారి తెరచి చూడుడు.